ధూపం వినే ఇల్లు

అవాజి దీవి, ఎయి రేవు
మార్చి చివర

పూజ్యులైన తెయిజో అన్నయ్యకు,

పడమటి గాలి తగ్గుముఖం పట్టింది. ధూపం ఆరబెట్టే కొట్టాల కిటికీలు సగానికి మూశాం. ఈ ఏడు ఇకనాగో చేప సరిగా పడలేదు. పడిన కాస్తా సోయాలో ఉడికించి మీకో డబ్బా పంపుదామని మా అమ్మాయి కనయే అంటోంది.

మనం ఒకరి ముఖం ఒకరం చూసుకుని ముప్పై ఏళ్లు దాటింది. మీ ఒంట్లో ఎలా ఉంది?

ఒక చిన్న విషయం. పన్నెండేళ్ల కిందట మీ జబ్బుకి డాక్టర్లు పేరు పెట్టారని ఒక ఉత్తరం రాశారు. ఆ పేరు నాకు గుర్తు లేదు. అది రక్తంలో వచ్చేదా, గాలి పడక వచ్చేదా? ఊరికే తెలుసుకుందామని. జవాబు కార్డు మీద కాకుండా కవరులో పెట్టి పంపగలరు. ఇక్కడి పోస్టుమాన్‌కి చదివే అలవాటుంది.

ఇంట్లో అందరం క్షేమం.

షుహెయ్

*

ఒసాకా, తెన్మా
ఏప్రిల్ మొదట్లో

తమ్ముడూ,

కవరులోనే పెడుతున్నాను. కార్డు మీద రాసి మీ పోస్టుమాన్‌కి కాస్త కాలక్షేపం కల్పిద్దామని చాలాసేపు ఊగిసలాడాను. ఈ వయసులో మనిషికి మిగిలే ఆనందాలు అలాంటివే.

బతుకంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ని. చెవి సరిగా వినపడనివాడికి అంతకన్నా మంచి ఉద్యోగం లేదు, అక్షరాలు గొణగవు. కాబట్టి ముందు నీ ఉత్తరం దిద్దాను. "ఊరికే తెలుసుకుందామని" అన్న మాట కొట్టేశాను. "మీరు" అన్న చోటల్లా ఎర్ర సిరాతో గీత గీశాను. నాన్న పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మనాడు ఇల్లంతా ధూపం పొగ పెట్టి, నేను దగ్గుతుంటే, "అన్నయ్యా, కాస్త బయట కూర్చో, మంత్రం వినపడటం లేదు" అన్నావు. అప్పుడు "నువ్వు" అనే అన్నావు. ఈ మర్యాద ఎప్పుడు నేర్చావు? "అందరం క్షేమం" పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

ఇక జబ్బు. ముక్కులో, చెవి లోపలి గొట్టంలో, ఊపిరి గొట్టంలో కంటికి ఆనని నూగు ఉంటుంది. వరి చేను గాలికి ఊగినట్టు అది అంతా ఒకే వైపు ఊగుతూ చీమిడినీ దుమ్మునీ బయటికి తోస్తుంది. మాలాంటివాళ్లకి ఆ నూగు సరిగా ఊగదు. చీపురు లేని ఇల్లనుకో. పుట్టిన నాటి నుంచి ముక్కు కారుతుంది, వేసవి లేదు చలికాలం లేదు. చెవిపొర వెనక జిగురు చేరుతుంది, చెవి మొద్దుబారుతుంది. ముక్కు లోపల కండ పెరుగుతుంది, వాసన పోతుంది. రోజూ తడి దగ్గు. అడ్డుకోకపోతే చివరికి ఊపిరితిత్తులు కుళ్లుతాయి. దాని అసలు పేరు పొడుగు, నీకు మళ్లీ గుర్తుండదు. నూగు కదలని జబ్బు అనుకో చాలు.

రక్తంలోదే. అమ్మ నుంచి ఒక పాలు, నాన్న నుంచి ఒక పాలు వస్తేనే పిల్లకి వస్తుంది. మన ఇంట్లో మేనరికం తప్ప బయటి సంబంధం ఎప్పుడు చేశారు? "ముక్కు మన గడప దాటకూడదు" అనేవాడు తాత. ముక్కు దాటలేదు. ఇదీ దాటలేదు.

నాన్న నన్ను ధూపం పొడులు కలిపే ఆ కలపడం గదిలో నిలబెట్టి ఏమనేవాడో నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు మూల కూర్చుని నవ్వేవాడివి. "ధూపం ముక్కుతో వినాలిరా. నువ్వు ముక్కుతో వినవు, చెవితో వినవు. ఇంకెందుకురా ఆ రెండూ? మూతికి తోరణాలా?" ఆ గదిలో చీదడం గుడిలో ఉమ్మడంతో సమానం. చీమిడి మింగి మింగి పెరిగాను. ఫుకి అక్కకి క్షయ అని చెప్పి వెనక కొట్టంలో పడుకోబెట్టారు. ఎన్ని పరీక్షలు చేసినా క్షయ దొరకలేదు. పుట్టుకతో కారే ముక్కుని క్షయ అనాలంటే ఎంత తెలివి కావాలి! ఇరవై నిండకుండా పోయింది.

పన్నెండేళ్ల కిందట ఇదంతా నీకు రాశాను. జవాబుగా నువ్వు మన ఇంటి మేలు రకం ధూపం ఒక పెట్టె పంపావు. "త్వరగా కోలుకోండి" అని చీటీ. వాసన తెలియనివాడికి! దాన్ని ఇన్నేళ్లుగా తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. బాగా పని చేస్తోంది, సందేహం లేదు.

ఇప్పుడు నిజం రాయి. ఎవరి ముక్కు కారుతోంది?

తెయిజో

*

ఎయి రేవు
ఏప్రిల్ చివర

అన్నయ్యకు,

మీ ఉత్తరం గల్లాపెట్టె కింద దాచి, ఎవరూ లేనప్పుడు రెండోసారి చదివాను.

కనయే కూతురు చిగుసా. ఆరో ఏడు నడుస్తోంది. పుట్టగానే ఊపిరాడక గాజుపెట్టెలో ఉంచారు. ముక్కు మీరు రాసినట్టే. చెవుల్లో చిన్న గొట్టాలు వేశారు, వేసినప్పటి నుంచి చీము ఆగడం లేదు. మాట ఆలస్యంగా వచ్చింది. ఏది చెప్పినా ముందు "ఆఁ?" అంటుంది. పనివాళ్లు దాన్ని ముద్దుగా "ఆఁ-చాన్" అని పిలుస్తారు. అది నవ్వుతుంది.

ఊళ్లో చెవి ముక్కు డాక్టరు పెద్దాయన. కనయే ఎక్కడో చదివి ఈ జబ్బు పేరెత్తితే ఆయన కొట్టిపారేశాడు. "అదైతే గుండె కుడి పక్కన ఉంటుందమ్మా. మీ పిల్లకి భేషుగ్గా ఎడమ పక్కనే ఉంది" అన్నాడు. అయినా కనయే వినదు. కోబెలో పెద్ద ఆసుపత్రిలో జూన్ నెలకి పేరు రాయించింది. ముక్కు లోపల బ్రష్షుతో గీకి చూస్తారట.

నా ఇబ్బంది మీకు తెలియనిది కాదు. మా అల్లుడు ర్యోజి ఇల్లరికం వచ్చినవాడు, మన అమ్మ పుట్టింటి మనవడే. ఇంక పిల్లలు లేరు. ముక్కుతో బతికే ఇల్లు మనది. వారసురాలికే ముక్కు లేదని పొక్కితే గుళ్లవాళ్లు మన ధూపం కొంటారా? రేపు దానికి సంబంధం వస్తుందా?

జూన్ ఆరున దాని చేత కప్పు పట్టిస్తున్నాం, మూడు కప్పుల ధూపం విని వేటివో చెప్పాలి. ఆరో ఏట, ఆరో నెల, ఆరో తేదీ, మన ఆనవాయితీ. చూద్దాం.

షుహెయ్

*

ఒసాకా, తెన్మా
మే

షుహెయ్,

మీ పెద్దాయన చదువు ఏ కాలంలో ఆగిపోయిందో అడుగు. ఈ జబ్బున్నవాళ్లలో సగం మందికి గుండె కుడి పక్కకి తిరిగి ఉంటుంది, సగం మందికి ఉండదు. మన దేశంలో ఎక్కువగా కనిపించే రకంలో అసలు తిరగనే తిరగదు. నాదీ ఎడమ పక్కనే ఉంది. నాకు గుండె ఉందా అని నీకు అనుమానం ఉండవచ్చు, అది వేరే సంగతి.

అరవై దాటాక నాకు పేరు తెలిసింది. అప్పటికి ఊపిరితిత్తుల్లో చెడిపోవలసింది చెడిపోయింది. పిల్లకి ఆరో ఏటే తెలిస్తే ఆ ఊపిరితిత్తులు మిగులుతాయి. ఇంత చిన్న లెక్క. నీ గుళ్లూ నీ సంబంధాలూ ఒక పళ్లెంలో, దాని ఊపిరి ఒక పళ్లెంలో పెట్టి తూస్తున్నావు. ముల్లు ఎటు మొగ్గుతుందో చూడటానికి కళ్లద్దాలు కావాలా?

కోబె తీసుకెళ్లు. ఆ కప్పు తంతు తర్వాత చూసుకోవచ్చు. అసలు మానేసినా చందనం చెట్లేమీ ఏడవవు.

తెయిజో

*

ఎయి రేవు
జూన్

అన్నయ్యకు,

శుభవార్త. చిగుసా విన్నది! మూడు కప్పులూ విన్నది!

ఆ రోజు వాన తెరిపి ఇచ్చింది. పొద్దున్నే కనయే దాని ముక్కు శుభ్రం చేసి, నీలం కిమోనో కట్టింది. ర్యోజి, మన కొట్టాల మేస్త్రీ, గుడి నుంచి వచ్చిన పెద్దలు వరసగా కూర్చున్నారు. నేను దాని ఎదురుగా కూర్చున్నాను. కప్పు ఎత్తి, చిన్న చేత్తో పైన మూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకోలేదు. చాలాసేపు నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది, ఎంత ముద్దొచ్చిందో. "విన్నావా తల్లీ?" అన్నాను. "విన్నా" అంది. "ఏమిటది?" "చందనం." రెండోది లవంగం, టక్కున చెప్పింది. మూడోదానికి "చందనం" అనబోయి ఆగింది. మళ్లీ నన్ను చూసింది. "కాదు, అగరు" అంది. మేస్త్రీ తొడ చరిచి, "ముక్కంటే ఇదీ! పెద్దయ్యగారి ముక్కే దిగింది!" అన్నాడు. నా కళ్లు తడిశాయి.

ఈ జబ్బుంటే వాసన పోతుందని మీరే రాశారు. కాబట్టి ఇది ఆ జబ్బు కాదు. వట్టి జలుబు తత్వం. కోబె వెళ్లడం మానిపించాను. కనయే కాస్త గొణిగింది కాని, మూడు కప్పులు విన్న పిల్లని ముక్కులో గీకించడానికి ఎవరు ఒప్పుకుంటారు?

మా మేలు కోరి రాశారు, కృతజ్ఞుణ్ని.

షుహెయ్

*

ఒసాకా, తెన్మా
జూన్

షుహెయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రూఫులు దిద్దేవాడు అర్థం కోసం చదవడు, తప్పు కోసం చదువుతాడు. తప్పు దొరికింది. "చాలాసేపు నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది."

ఆరో ఏట నేనూ విన్నాను, మూడు కప్పులూ. అప్పటికి నువ్వు కడుపులో కూడా లేవు. ముందు రోజు ఫుకి అక్క నన్ను కొట్టం వెనక్కి తీసుకెళ్లి చెప్పింది: "కప్పుని చూడకురా, నాన్న బొటనవేలు చూడు. అగరు అయితే మోకాలి మీద రుద్దుతాడు. చందనం అయితే వేలు కదలదు. లవంగానికి లోపలికి ముడుస్తాడు." ఆయనకే తెలియదు ఆ సంగతి. అక్క కూడా అలాగే విన్నది. ఆ ఇంట్లో అంత మంచి ముక్కు మళ్లీ పుట్టదని నాన్న ఊరంతా చెప్పుకున్నది దాని గురించే. ముక్కే లేని పిల్ల గురించి!

నా బండారం పదమూడేళ్లకి బయటపడింది. కొట్టంలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను, వెనక చాపలు అంటుకుని పొగ కమ్ముతున్నా నాకు తెలియలేదు. నువ్వు పరుగెత్తుకొచ్చి, "నాన్నా, అన్నకి వాసనే రాదు!" అని అరిచావు. నీకు ఆరేళ్లు. ఆ ఇంట్లో నా జబ్బుని సరిగ్గా చెప్పిన డాక్టరు ఇప్పటిదాకా నువ్వొక్కడివే.

నీకు బొటనవేలు కాదు, పెదాలు. చిన్నప్పుడు పక్కవాడు పాఠం చదువుతుంటే నీ పెదాలు వాటంతటవే కదిలేవి. పంతులు కొట్టేవాడు కూడా. చెవులు మొద్దుబారిన పిల్ల పొద్దున లేచింది మొదలు చదివేది పెదాలనే. అది ధూపం వినలేదు. నిన్ను విన్నది.

నన్ను నమ్మొద్దు. కప్పు దాని చేతికిచ్చి, వీపు తిప్పి కూర్చో. అంతే. పైసా ఖర్చు లేదు, గుళ్లవాళ్లకి తెలియదు.

తెయిజో

*

ఎయి రేవు
జూలై

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం అందింది.

మీరు ఈ ఇంట్లో ఓడిపోయారు. అది మీ తప్పు కాదని ఒప్పుకుంటాను. కాని ఆరో ఏడు నిండని పసిదాన్ని అబద్ధాలకోరు అంటారా? పిల్ల మీద కూడా అసూయేనా? పుస్తకాలు చదివి చదివి మనిషి ముఖంలో ప్రేమ కూడా మీకు అచ్చుతప్పులా కనిపిస్తోంది.

ఇక ఈ విషయం రాయవద్దని మనవి. ఎండలు జాగ్రత్త.

షుహెయ్

*

ఒసాకా, తెన్మా
అక్టోబరు

షుహెయ్,

నాకు జవాబు అక్కర్లేదు. అసూయ అన్నావు, ఉంది. నీ ఊపిరితిత్తుల మీద ఉంది. ఇప్పుడు ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టారు. ముక్కుకి తగిలించిన గొట్టం తలుపు దాకా వస్తుంది, మెట్ల దాకా రాదు. పుస్తకాల అలమర మాత్రం అందుతుంది. ఎవరో దయగల దేవుడే కొలిచినట్టున్నాడు.

కింద రాసింది కనయేకి ఇవ్వు. ఆ ఇంట్లో విషయం వినగలిగేది ఆ అమ్మాయి ఒక్కతే.

అమ్మా కనయే, పొద్దునా సాయంత్రం పిల్లని ఒళ్లో బోర్లా వేసుకుని, తల కిందికి ఉండేలా చూసి, చెయ్యి గిన్నెలా ముడిచి వీపు మీద తట్టు. డొల్ల చప్పుడు రావాలి. కఫం వస్తే ఉమ్మించు, మింగనివ్వకు. గోరువెచ్చని ఉప్పునీళ్లతో ముక్కు కడుగు. ఎంత గట్టిగా చీదినా ఎవరూ ముఖం చిట్లించకూడదు. పరుగెత్తించు, గెంతనివ్వు, నవ్వించు. నవ్వితే కఫం కదులుతుంది. ముఖ్యంగా, తాత మాట వినకుండా కోబె వెళ్లు.

షుహెయ్, చివరగా ఒక్క ప్రశ్న. వీపు తిప్పడానికి అంత బరువా నీ వీపు?

తెయిజో

*

కోబె, ఆసుపత్రి వరండా
డిసెంబరు చివర

అన్నయ్యా,

నీ మీద కోపంతోనే చేశాను. నీది తప్పని రాసి, నీ నోరు మూయించాలని చేశాను.

నవంబరులో ఒక మధ్యాహ్నం కలపడం గదిలోకి దాన్ని ఒక్కదాన్నే పిలిచాను. కప్పులో అగరు వేశాను, మన దగ్గర ఉన్నవాటిలో మంచి ముక్క. గది గదంతా నిండిపోయింది. కప్పు చేతికిచ్చి, వీపు తిప్పి కూర్చున్నాను. "విన్నావా తల్లీ?" అన్నాను. జవాబు లేదు. ఆలోచిస్తోంది అనుకున్నాను. మళ్లీ అడిగాను. మళ్లీ లేదు. అన్నయ్యా, నేను అడిగిందే దానికి వినపడలేదు. చివరికి నా చొక్కా పట్టుకుని లాగింది.

"తాతయ్యా, ఇటు తిరుగు. నువ్వు కనపడకపోతే నాకు వినపడదు."

మర్నాడు పొద్దున్నే నేనే తీసుకుని బయల్దేరాను. ముక్కులో గీకి చూశారు, రక్తం తీశారు. నువ్వు చెప్పిందే. కాని వేసవిలోనే లోపల పట్టేసిందట. జూలై నుంచి దగ్గు గట్టిపడింది, నేను ఊరి డాక్టరు సిరప్పుతో నెట్టుకొచ్చాను. కుడి ఊపిరితిత్తిలో మధ్య భాగం ముడుచుకుపోయి, తడిసి ఎండిన తోలులా ఉంది. జ్వరం వచ్చిపోతూనే ఉంది. కొత్త సంవత్సరం పండగ అవగానే ఆ భాగం కోసి తీసేస్తారు. మిగతాది కాపాడాలంటే అదే దారి అన్నారు. చెవులకి యంత్రాలు పెడతారు.

జూన్‌లోనే వచ్చి ఉంటే ఏమయ్యేదని నేను అడగలేదు. కనయే అడిగింది. డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు. ఆ రోజు నుంచి కనయే నాతో మాట్లాడటం లేదు. భోజనం తెస్తుంది, పక్కన పెడుతుంది, వీపు తిప్పుకుని కూర్చుంటుంది.

నిన్న చిగుసా నన్ను పిలిచింది. "తాతయ్యా, నన్ను కోస్తారంట కదా. నేను అబద్ధం చెప్పినందుకా?" అంది. "ఏ అబద్ధం?" అన్నాను. "విన్నాననీ..." అంది. "నువ్వు ఏడుస్తావని చెప్పా. అందరూ వచ్చారు కదా."

ఏడుపు దానికి కనపడకూడదని కిటికీ వైపు తిరిగిపోయాను. ఇప్పటికీ జవాబు చెప్పలేదు. ఏం చెప్పను? నువ్వు వాదాల్లో ఎప్పుడూ ముందుండేవాడివి. చెప్పు.

షుహెయ్

*

ఒసాకా, తెన్మా
జనవరి

షుహెయ్,

ఇది ఆపరేషన్ లోపు నీకు చేరాలని పక్కింటావిడని బతిమాలి పోస్టుకి పంపుతున్నాను. కాబట్టి పొట్టిగా రాస్తాను.

నువ్వు క్షమించమని అడగలేదు. మంచిపని చేశావు, ఆ క్షమ నా దగ్గర లేదు. ఫుకి అక్క దగ్గర ఉండేదేమో, దాన్ని కొట్టంలో పడుకోబెట్టారు. నేను చెప్పిందే నిజమైందని సంతోషంగా ఉందా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. జీవితమంతా ఆ ఇంటి మీద గెలవాలని కాచుకుని ఉన్నాను. గెలుపు ఇలా వచ్చింది, ఒక పిల్ల ఊపిరితిత్తి ముక్కతో. దీన్ని ఎక్కడ పెట్టుకోను? తలుపుకి అడ్డంగా ఇప్పటికే ఒక పెట్టె ఉంది.

వాదం ఏమీ లేదు. ఒక్కటే మాట. అది అడిగినప్పుడు నువ్వు కిటికీ వైపు తిరిగావు చూడు, ఆ పిల్లకి అదే జవాబు అయిపోయింది. అవును, అందుకే కోస్తున్నారు అని నీ వీపు చెప్పింది. వెంటనే వెళ్లి కొట్టెయ్యి ఆ జవాబుని.

దాని మంచం ఎదురుగా కూర్చో. వెలుగు నీ ముఖం మీద పడేలా చూసుకో. పెదాలు కదిలేలా, నెమ్మదిగా చెప్పు. అబద్ధం అది చెప్పలేదు, మనం అడిగి చెప్పించుకున్నాం అని చెప్పు. ఒసాకాలో ఒక ముసలాడున్నాడు, వాడూ ఒక్క కప్పు కూడా వినలేదు, వాళ్లక్కా వినలేదు అని చెప్పు. తాత ఏడిస్తే ఏడవనీ, అది నీ తప్పు కాదు అని చెప్పు. ఏడుపు వస్తే దాని ముందే ఏడువు. చూడనివ్వు. దానికి నీ ముఖం తప్ప వేరే చెవి లేదు.

పరీక్ష అయిపోయింది, తమ్ముడూ. ఇక జన్మలో దానికి వీపు చూపించకు.

అన్నయ్య